లెక్కలోకి రాని బంతులు

నా బతుకుతెరువంతా ఈ ఎడమ అరచెయ్యే. లూయివిల్ బేస్‌బాల్ జట్టులో రిలీఫ్ పిచర్లు, అంటే ఆట మధ్యలో దిగి బంతి విసిరేవాళ్లు, మైదానం కంచె వెనక చేతులు వేడెక్కించుకుంటారు. వాళ్లు విసిరే బంతులు గొంతుక్కూర్చుని పట్టడమే నా పని. మైదానంలో అడుగుపెట్టను. పేపర్లో నా పేరు పడదు.

వాళ్లలో ఎలియెజెర్‌కి, మా ఎలీకి, మాత్రం ఏడాదికి కోటీ నలభై లక్షల డాలర్లు. చివరి ఇన్నింగ్స్‌లో జట్టును గట్టెక్కిస్తాడని తెచ్చుకున్నారు. జులైకల్లా గెలవాల్సిన ఆటలు నాలుగు చేజార్చాడు. ఇప్పుడు వాడు మైదానంలోకి వస్తుంటే జనం ఛీకొడుతున్నారు, సిగ్గులేని జనం!

"ఇంకోటి పట్టు, ముసలోడా," అన్నాడు మొన్న, మోచెయ్యి నొక్కుకుంటూ.

"చాల్లేరా. వాచిపోయింది చూడు."

"మేనేజర్ లేవమన్నాడుగా. నొప్పని చెప్పావో, నీకూ నాకూ చెల్లు! చెయ్యి పాడైందని తెలిస్తే ఈ దేశంలో నన్ను ఇంకే జట్టూ పిలవదు."

చెప్పనని మాటిచ్చాను.

అసలు రోగం మా మేనేజర్ పిరికితనం. అవతలి జట్టువాడొకడు బేస్ మీదికి చేరి పరుగుకి దగ్గరయ్యాడంటే చాలు, మా దగ్గర ఫోన్ మోగుతుంది. "ఎలీని లేపు!" వాడు లేచి ముప్పై బంతులు ఒళ్లు దాచుకోకుండా విసురుతాడు. అంతలో, "అక్కర్లేదు, కూర్చోమను." పావుగంటకి మళ్లీ ఫోన్. ఆ బంతులు ఏ రికార్డులోకీ ఎక్కవు. నా అరచేతికి మాత్రం ప్రతి ఒక్కటీ తెలుసు.

శనివారం మధ్యాహ్నం, ఆటకి ముందు, జట్టు జీతాలూ బేరాలూ చూసే జనరల్ మేనేజర్ ప్రెస్కాట్ నన్ను పైన తన గదిలోకి పిలిచాడు.

"నిజం చెప్పు వెర్నన్. ఎలీ అంత డబ్బుకి తగినవాడేనా? ఇప్పటికి ఆడింది నలభై ఒక్క ఆటలు. ఇంత తేలిక పనికి అంత జీతమా? ఉంచాలో వదిలించుకోవాలో ఇవాళే తేల్చేయాలి."

నాకు ఒళ్లు మండిపోయింది.

"తేలికా! వాడు తొంభై ఆరుసార్లు లేచాడండీ! మీరు ఆడించింది నలభై ఒకటి. మిగతావన్నీ ఊరికే లేపి కూర్చోబెట్టారు. ఒక్కసారి కాదన్నాడా? వాడి కష్టం మీ కాగితాల్లో ఎక్కడుంది?"

మోచేతి మాట ఎత్తలేదు. వాణ్ణి కాపాడేశాననే అనుకున్నాను.

ప్రెస్కాట్ పెన్సిల్ పక్కన పెట్టాడు.

"తొంభై ఆరా? అయితే ఆ చెయ్యి అయిపోయినట్టే. మంచిపని చేశావు, ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు."

"అది కాదండీ, నేనన్నది..."

అప్పటికే ఆయన ఫోన్ అందుకున్నాడు. నా నోరు పడిపోను! మెట్లు దిగి వచ్చేశాను.

కంచె వెనక ఎలీ బెంచీ మీద పొద్దుతిరుగుడు గింజలు నములుతున్నాడు.

"ఏమన్నాడు దొరగారు?"

"నువ్వెంత కష్టపడ్డావో చెప్పాను."

వాడు లేచి నన్ను గట్టిగా వాటేసుకున్నాడు. "నాకోసం నోరు తెరిచింది నువ్వొక్కడివే, అన్నా." ముసలోడా అని తప్ప ఏనాడూ పిలవని మనిషి. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ రోజు ఆటలో, తొమ్మిదిలో ఎనిమిదో ఇన్నింగ్స్. మేం ఒక్క పరుగు ముందున్నాం. ఫోన్ మోగింది. ఎవరూ చెప్పకుండానే ఎలీ జాకెట్ విప్పి, బంతి తీసుకుని నిలబడ్డాడు. నేను ఫోన్ ఎత్తాను. అవతల మేనేజర్.

"ఇంకొకణ్ణి లేపు. ఎలీని ఇక లేపొద్దు. ఆట అవగానే పైన ప్రెస్కాట్ గదికి రమ్మను."

ఫోన్ పెట్టేశాను. వాడు మోచెయ్యి ఒకసారి విదిలించుకుని నావైపు తిరిగాడు.

"కూర్చో అన్నా, పట్టు."

నేను చెయ్యి చాపలేకపోయాను.