ముట్టుకోరాని కాలు

రాజమల్లు ఒళ్లు చేశాడని బోధన్‌లో సగం మంది సంబరపడిపోతుంటే, కట్టుకున్న పెళ్లాం గంగుబాయికి మాత్రం ఒళ్లు మండిపోతోంది.

పోచంపాడులో ఆనకట్టకు పునాదిరాయి పడిన మరుసటి ఏడు అది. రాజమల్లు చక్కెర ఫ్యాక్టరీ గోదాములో బస్తాలు మోస్తాడు. సాయంత్రమైతే రాకాసిపేట తాలీములో కుస్తీ పడతాడు. శివరాత్రి జాతరలో గెలిచినవాడి చేతికి వెండి కడెం తొడుగుతారు. మూడేళ్లుగా ఆ కడెం రాజమల్లుకు అందినట్టే అంది జారిపోతోంది. ఈసారి ఎలాగైనా తొడుక్కుని తీరాలని, ఉస్తాద్ ఆత్మారాం నాందేడ్ నుంచి తెప్పించిన బూడిదరంగు పొడిని రోజూ కందిగింజంత తీసి వెన్నలో కలుపుకుని నాకుతున్నాడు. దాన్ని కుష్తా అంటారు. లోహాలను పుటం పెట్టి తీసిన భస్మం. తింటే ఏనుగు బలం వస్తుందని తాలీములో గట్టి నమ్మకం.

ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు అత్త భీమవ్వ గుండెలు బాదుకుంది. "నా కొడుక్కు కుష్టా? ఎవల దిష్టి తగిలిందే పిల్లా!" అని వాడంతా వినిపించేలా ఏడ్చింది. అది రోగం కాదు, మందు అని నచ్చజెప్పేసరికి గంగుబాయికి తాతలు దిగొచ్చారు. తీరా ఊరుకున్నాక ఆ అత్త ఎంతలా ఊరుకుందంటే, మర్నాటి నుంచి వెన్న తనే తీసి కొడుకు చేతిలో పెట్టడం మొదలెట్టింది.

రెండు నెలలు గడిచాయి. రాజమల్లు ముఖం నిండుగా తయారైంది. పిక్కలు లావెక్కాయి. గోదాములో బస్తాలు తూచే కాంటా మీద తోటివాళ్లు అతన్ని నిలబెడితే ఎనిమిది కిలోలు పెరిగాడని తేలింది. ఆ రోజు అతన్ని భుజాల మీద ఎక్కించుకుని ఇంటికి తెచ్చారు. ఆ గోలలో గంగుబాయి అడిగిన చిన్న ప్రశ్న ఎవరికీ వినపడలేదు. నిరుడు తిన్నదాంట్లో సగం కూడా తినని మనిషి ఎనిమిది కిలోలు ఎలా పెరుగుతాడు? పొద్దున లేస్తే కళ్లు తెరుచుకోనంత ఉబ్బు. చెప్పులు పట్టడం లేదు. మూత్రానికి పోతే అంత నురగ ఎందుకు? ఇవన్నీ చూస్తున్నది ఇంట్లో ఆమె ఒక్కతే. బలమొచ్చిందని ఊరంతా అంటుంటే, ఆమె చూసింది ఎవరికి కావాలి!

ఆగలేక ఒకనాడు సర్కారు దవాఖానకు ఒంటరిగా పోయి, ఉన్నదంతా చెప్పింది. డాక్టరమ్మ ముఖం చిట్లించింది.

"అది కండ కాదమ్మా, నీరు అయ్యుంటుంది. ఆ పొడిలో పాదరసం ఉంటే మూత్రపిండాలు చెడిపోతాయి. మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో గట్టిగా నొక్కి, పది లెక్కపెట్టి తియ్యి. గుంట పడి అలాగే ఉండిపోతే ఒక్క రోజు కూడా ఆగకుండా తీసుకురా. కుస్తీ అసలే వద్దు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరితే ప్రాణానికే ముప్పు."

కాలు నొక్కి చూడడం ఎంతసేపు? కానీ అదే కుదరదు. జాతరకు నలభై రోజుల ముందు నుంచి పహిల్వాన్‌కు లంగోటు దీక్ష; అది అప్పటికే మొదలైంది. పడక తాలీములోనే. మధ్యాహ్నం తిండికి ఇంటికొచ్చినా భార్య నీడ కూడా తగలకూడదు. కంచం కూడా తల్లే పెట్టాలి. ఏడేళ్లు కాపురం చేసిన మొగుడి కాలు మీద ఒక్క వేలు పెట్టడానికి గంగుబాయికి హక్కు లేకుండా పోయింది.

"పోనీ నువ్వే నొక్కి సూసుకోరాదు?" అంది, డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పి, వంటింటి తలుపు చాటు నుంచి.

"నొక్కి సూసుటానికి గిది పహిల్వాన్ కాలా, మామిడిపండా?" అని నవ్వి చెయ్యి కడుక్కున్నాడు.

అత్తను బతిమాలింది. భీమవ్వ కొడుకు కాలిని ఆప్యాయంగా పైనుంచి కిందికి నిమిరి, "ఎంత నున్నగున్నదే పిల్లా, అరటిబోదె లెక్క!" అని మురిసిపోయింది. నొక్కమంటే నిమిరే మనిషితో ఏం వేగేది? గంగుబాయి తల గోడకేసి కొట్టుకోవడం ఒక్కటే తక్కువ.

శివరాత్రి ఇంక మూడు రోజులుందనగా, తిండికి వచ్చిన రాజమల్లు ఇంటి ముందున్న మూడు మెట్లెక్కి, దర్వాజా పట్టుకుని రొప్పాడు.

"గంత రొప్పుడేంది?" అంది గంగుబాయి.

"ఎండ."

చలి ఇంకా వదలని మాఘమాసంలో ఎండట! ఇక ఆమె ఎవరినీ ఏమీ అడగదలచుకోలేదు. సాయంత్రం కొంగు నడుముకు బిగించి నేరుగా తాలీముకు నడిచింది.

"ఏయ్ గంగుబాయీ, గడప తొక్కకు! లోపట ఆంజనేయస్వామి ఉన్నడు," అని ఆత్మారాం కేకేశాడు.

"ఉండనియ్యి మామా. ఆయనను గూడ సూడనియ్యి."

రాజమల్లు ఎర్రమట్టి గోదా అంచున కూర్చుని నూనె రాసుకుంటున్నాడు. ఆమె అతని ముందు గొంతుకూర్చుని మడమ పట్టుకుంది.

"ఇడువ్! దీక్ష సెడ్తది!"

"సెడనియ్యి!"

కాలి ఎముక మీద బొటనవేలు అదిమి, తాలీమంతా వినపడేలా పది లెక్కపెట్టి తీసింది. చింతగింజ పట్టేంత గుంట. అది పూడుతుందని అందరూ చూస్తూ నిలబడ్డారు. అది పూడలేదు.

రాజమల్లుతో జోడీగా కుస్తీ పట్టే ఎర్రన్న పకపకా నవ్వి, "గదేం సిత్రం!" అంటూ తన కాలు తనే నొక్కుకున్నాడు. అతను కుష్తా తినబట్టి నెల రోజులైంది. వేలు తీశాక అతని నవ్వు ఆగిపోయింది. ధోవతి కిందికి లాక్కున్నాడు.

రాజమల్లు తన కాలినీ ఎర్రన్న కాలినీ చూసి, చివరికి తలెత్తాడు.

"ఉస్తాద్, మీ కాలు?"

ఆత్మారాం ధైర్యంగా కాలు చాపాడు. గంగుబాయే నొక్కింది. వేలు తీసిన మరుక్షణం చర్మం సమంగా అయిపోయింది.

"సూసిండ్రా, నాకేం కాలే!" అన్నాడు ఉస్తాద్. "ఆడిమనిషి మాట పట్టుకొని ఆగమైతున్నరు."

"మీరు రోజుకెంత తింటరు ఉస్తాద్?" అన్నాడు రాజమల్లు.

"నేనెందుకు తింట? ఈ వయసుల నాకద్దని నాందేడ్ వైద్యుడే చెప్పిండు. ఒంటికి పడకపోతే మూత్రం బందైతదట. మీ అసుంటి వయసు పోరగాండ్లకైతే..."

తన మాట తనకే వినపడినట్టు ఆత్మారాం అక్కడే ఆగిపోయాడు. చాపిన కాలు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

తాలీములో ఉస్తాద్ సగం తాగి ఇచ్చిన గ్లాసులోనే శిష్యుడు పాలు తాగుతాడు. అదొక గౌరవం. రాజమల్లు ఆ గౌరవాన్ని ఏనాడూ తప్పలేదు.

"పన్నెండేండ్ల సంది మీ ఎంగిలి తింటున్న ఉస్తాద్," అన్నాడు. గొంతులో కోపం లేదు. "మీరు ముట్టనిది నాకు పెడ్తరనుకోలే."

రాజమల్లు లేవబోయి, లేవలేక కూలబడ్డాడు. రెండోసారి గంగుబాయి భుజం మీద చెయ్యి వేసి, అంతమంది చూస్తుండగా, లేచాడు.

"నడువ్ గంగూ."

దవాఖాన దారిలో పదడుగులకోసారి ఆగి గాలి పీల్చుకున్నాడు. రెండు నెలలుగా మూటగట్టి పెట్టుకున్న తిట్లన్నీ నాలుక చివర దాకా వచ్చాయి గాని, గంగుబాయి ఒక్కటీ తిట్టలేదు. ఇన్నాళ్లూ తన మాట ఎవరూ నమ్మలేదని మండిపడింది. ఇప్పుడు అందరూ నమ్మారు. ఆమెకు మొదటిసారి భయమేసింది.