పలకని మిషన్ కోసం ఎంతసేపు

మంగళవారం పొద్దున కాలేజీకి బయలుదేరబోతూ శైలజ ఫోన్ చూసుకుంది. అప్పటికే చెప్పులు వేసుకుంది. ఆ చెప్పులతోనే మళ్లీ లోపలికి వెళ్లి మంచం మీద కూలబడింది.

'కంబళి' వచ్చే విడుదలలో ఏమేం చేర్చాలి, ఏమేం తీసేయాలి అన్న జాబితా వచ్చింది. తీసేయవలసిన వాటిలో మొట్టమొదటిది ఆమె రాసినదే.

కంబళి ఒక ఉచిత సాఫ్ట్‌వేర్. ఎనిమిదేళ్ల కిందట బెంగళూరులో నలుగురు మొదలుపెట్టారు. పెద్ద కంపెనీల క్లౌడ్ జోలికి పోలేని చిన్న కాలేజీలు, సంఘాలు, దవాఖానలు తమ దగ్గరున్న పాత కంప్యూటర్లను కలిపి ఒకే పెద్ద మిషన్‌లా వాడుకోవడానికి పనికొస్తుంది. దాని కోడ్ ఎవరైనా చదవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. చేసేవాళ్లు ఎక్కడెక్కడో ఉంటారు, ఒకరి మొహం ఒకరు ఎరగరు. ఆరు నెలలకొకసారి ఆన్‌లైన్‌లో కూర్చుని, ఇక ముందు ఏం చేయాలో తేల్చుకుంటారు.

వనపర్తిలో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే శైలజకు యాభై దాటింది. కంబళిలో ఆమె చూసుకునేది ఒకే ఒక్క సంగతి. కలిపి ఉంచిన మిషన్లలో ఒకటి ఉన్నట్టుండి పలకడం మానేస్తే మిగతావి ఏం చేయాలి? ఇలాంటి సాఫ్ట్‌వేర్లు మామూలుగా ఐదు నిమిషాలు చూసి, అది పోయిందనుకుంటాయి. దాని పని మిగతావాటికి పంచేస్తాయి. తర్వాత అది తిరిగొచ్చినా, అందులో ఉన్నదంతా తుడిచేసి కొత్తదానిలా చేర్చుకుంటాయి. శైలజ రాసినది అలా చేయదు. ఆగుతుంది. గంటలైనా రోజులైనా దాని చోటు దానికి ఉంచుతుంది. అది వచ్చాక, ఇక్కడ జరిగినవీ, అక్కడ అది ఒంటరిగా రాసుకున్నవీ పక్కపక్కన పెట్టి, ఒక్కటీ పోకుండా కలుపుతుంది.

ఆరేళ్ల కిందట దీన్ని ఆమె, మహేందర్ కలిసి రాశారు. స్టాఫ్ రూములో ఆమె పక్క కుర్చీ అతనిది. హైదరాబాద్‌లో ఉద్యోగం దొరికి వెళ్లాక మొదట్లో రోజూ ఏదో ఒకటి రాసేవాడు. తర్వాత వారానికోసారి. ఆ తర్వాత పండుగలకు దీపాల బొమ్మ పంపేవాడు. పోయిన దీపావళికి అదీ రాలేదు. అతను రాసిన చివరి మెసేజ్ ఏదా అని ఆమె ఒకసారి వెతికి చూసింది. అది చివరిదని తెలిసేలా అందులో ఏమీ లేదు.

జాబితాలో కారణం రెండు ముక్కల్లో ఉంది: తొమ్మిది వేల వరుసల కోడ్, సర్వేలో దీన్ని వాడుతున్నామన్నవాళ్లు ఒక్కరూ లేరు. ఎవరైనా ఉంటే శుక్రవారం సాయంత్రం సమావేశానికి వచ్చి చెప్పాలి.

ఆ సర్వే నెట్‌లో జరిగింది. నెట్ నిలవనివాళ్ల కోసం రాసినదానికి నెట్‌లోనే సాక్ష్యం అడుగుతున్నారు. శైలజకు తెలిసిన సాక్ష్యం ఒక్కటే: వీపనగండ్లలోని వేరుశనగ విత్తన సంఘం. దానికి గద్వాల వైపు వడ్డేపల్లిలో ఒక శాఖ, కల్వకుర్తిలో ఒక శాఖ. మూడు ఊళ్లలో మూడు మిషన్లు, ఐదేళ్ల కిందట ఆమే స్వయంగా వెళ్లి పెట్టి వచ్చింది. వాటిని చూసుకునే జమీల్‌కు ఫోన్ చేసింది. మోగలేదు. సాయంత్రందాకా తొమ్మిదిసార్లు చేసింది. అతనికేమైనా అయిందేమోనన్న భయం పట్టుకుంది. ఇక ఉండబట్టలేక బుధవారం సెలవు పెట్టింది.

మెట్ల కింద ఇంటి యజమానురాలు భాగ్యమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"ఏంది మేడమ్, నిన్న చెప్పులేసుకొని మళ్ల లోపలికి పోయినవ్. ఇయ్యాల సెలవంటున్నవ్. పానం బాగలేదా?"

"బాగనే ఉంది. వీపనగండ్ల పోయొస్త."

"ఆడెవరున్నరు నీకు?"

"నేను పెట్టిన మిషన్ ఉంది. చూసొస్త."

"మిషన్‌ను చూడనీకి బస్సెక్కి పోతరా ఎవరన్న? మా చెల్లె నాగర్‌కర్నూల్ల ఉన్నది. మూడేండ్లాయె, దాని మొఖం చూడనీకే పోలే నేను."

"పోరాదు మరి."

"పోయి ఏం జెయ్యాలె? నాతోని మాట్లాడదు. దానికన్న నీ మిషనే నయ్యం."

బస్టాండ్ దాకా వెళ్లాక తాళం వేశానో లేదో అన్న అనుమానం వచ్చింది శైలజకు. వెనక్కి వచ్చి చూసుకుంది. వేసే ఉంది. ఈలోగా బస్సు వెళ్లిపోయింది. తర్వాతి బస్సులో ఆమె వీపనగండ్లలో దిగేసరికి ఎండ నడినెత్తికొచ్చింది.

సంఘం గదిలో జమీల్ సంచుల మీద చీటీలు అంటిస్తున్నాడు. నలభై ఏళ్ల మనిషి, ఆమెను చూసి గబుక్కున లేచాడు.

"అరె మేడమ్, మీరొచ్చిండ్రేంది? ఫోన్ జేస్తే నేనే వస్తుంటి గద."

"చేసిన జమీల్. పోలే."

"ఆ నంబరు బందైంది. మీకు జెప్పలే కదా, గలతీ నాదే. కూసోండ్రి, చాయ్ దెప్పిస్త."

మిషన్ ఉండాల్సిన బల్ల మీద కాంటా ఉంది. శైలజ దానివైపే చూస్తూ నిలబడింది. జమీల్ మెడ గోక్కున్నాడు.

"ఉగాది కాడికెళ్లి బందువెట్టినం మేడమ్. పట్నం కంపెనీ ఒకటొచ్చింది. ఇప్పుడంత ఫోన్లనే. మూడు మిషన్లు మూలకువెట్టినం."

"మంచిగ నడవలేదా?"

"నడవకేంది? ఐదేండ్లల్ల ఒక్క రైతు పేరు పోలే. గని కొత్త చైర్మనొచ్చిండు, ఆయనకు ఫోన్లనే గావాలె. మీకు జెప్పాలె జెప్పాలె అనుకుంటనే ఉన్న. ఎట్ల జెప్పాల్నో తెల్వక, ఇయ్యాల రేపు అనుకుంట గిట్లయింది."

ఉగాది తర్వాత వేసవి సెలవులంతా శైలజ గది దాటలేదు. వడ్డేపల్లిలో లైన్ పోతే వీపనగండ్ల మిషన్ ఇంకా కాస్త ఓపిక పట్టేలా తన కోడ్‌ను దిద్దుతూ కూర్చుంది. ఆ మాట జమీల్‌కు చెప్పలేదు. చాయ్ తాగి, తాను ఎందుకొచ్చిందో మాత్రం చెప్పింది.

"గంతేనా? శుక్రారం నేనొస్త మీటింగుకు. వాడుతున్నం అంట. నాదేంబోయె."

"ఇప్పుడు వాడుతలేరు గద."

"మొన్నటిదాంక వాడినం. వాళ్లేమన్న ఈడికొచ్చి సూస్తరా?"

శైలజ వద్దనలేదు. సరే అని కూడా అనలేదు. అతని కొత్త నంబరు రాసుకుని బస్సెక్కింది.

రెండు రోజులూ ఆ నంబరు ఆమెను నిమ్మళంగా ఉండనివ్వలేదు. జమీల్ నోట ఒక్క మాట చాలు, తన పని నిలుస్తుంది. కానీ ఆరు నెలలకు మళ్లీ అడుగుతారు. మళ్లీ అదే మాట చెప్పించాలి. మూలన పడ్డ మూడు మిషన్ల కోసం ఎవరెవరో తొమ్మిది వేల వరుసలు మోస్తూ ఉండాలి. కంబళివాళ్లలో అదంతా తెలిసిన మనిషి తానొక్కతే. శుక్రవారం ఆరున్నరకు ఐదు నిమిషాలుందనగా జమీల్ నుంచి మెసేజ్ వచ్చింది, లింకు పంపమని. ఆమె లింకును కాపీ చేసింది. పంపకుండా ఫోన్‌ను దిండు కింద పెట్టింది.

తెర మీద పదకొండు గళ్లు. కెమెరాలు ఆపేసినవి తొమ్మిది, నల్లగా ఉన్నాయి. సమావేశం నడిపేది తేజస్విని, కల్వకుర్తి పిల్ల, ఒకప్పుడు శైలజ దగ్గరే చదువుకుంది, ఇప్పుడు బెంగళూరులో ఉంటుంది. మాటలన్నీ ఇంగ్లీషులోనే, అందరినీ పేరు పెట్టే పిలుస్తుంది. శైలజను మాత్రం మేడమ్ అంటుంది.

"శైలజ మేడమ్, వాడుతున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"ఒక సంఘం ఉండేది. ఉగాది దాకా వాడింది. ఇప్పుడు వాడడం లేదు. నాకు తెలిసి ఇంకెవరూ లేరు."

ఆమె వాదిస్తుందని అందరూ సిద్ధపడి వచ్చినట్టున్నారు. చివరికి ఒక నల్ల గడిలోంచి మగ గొంతు, "అయితే తీసేద్దాం," అంది.

తేజస్విని ఒక్క క్షణం ఇంగ్లీషు వదిలేసింది. "మీరేమంటరు మేడమ్?"

"తీసేయండి." శైలజ అందరికీ అర్థమయ్యేలా మళ్లీ ఇంగ్లీషులో చెప్పింది. "ఎదురుచూడొద్దు. ఐదు నిమిషాలకే పోయిందనుకోండి. కానీ అది తిరిగొస్తే దానిలో ఉన్నది వెంటనే తుడవకూడదు. ఒక పక్కన దాచి ఉంచాలి, ఎవరైనా వచ్చి అడుగుతారేమోనని, కొన్ని రోజులు. చిన్న పనే. వచ్చే విడుదలకు నేను రాస్తాను."

"ఎన్ని రోజులు? మూడు చాలు కదా," అంది నల్ల గడి.

"ఎన్ని రోజులో చూసి చెప్తాను."

"ఆదివారంలోగా ప్రణాళికలో రాయండి మేడమ్, ఎందుకన్ని రోజులో కూడా," అంది తేజస్విని. "ఎవరూ కాదనకపోతే అదే ఖాయం."

ఆరేళ్ల పనిని తీసేయడానికి ఏడు నిమిషాలు పట్టింది. సమావేశం ముగిశాక గళ్లు ఒక్కొక్కటే మాయమయ్యాయి. ఆఖరున ఆమె మొహం ఒక్కటే మిగిలింది. ఆమె లేచి లైటు వేసి, జమీల్‌కు ఫోన్ చేసింది.

"లింకు రాలేదేంది మేడమ్? కొత్త అంగీ ఏస్కొని కూసున్న నేను."

"పంపలే జమీల్. నిజమే చెప్పిన."

"తీసేసిండ్రా?"

"తీసేసిండ్రు."

"మీరు పరేషాన్ గాకుండ్రి," అన్నాడు.

"ఒకటి అడుగుత. మీ మూడింటిల అన్నిటికన్న ఎక్కువ దినాలు పలకకుండ ఉన్నదేది?"

"వడ్డేపల్లిది. రెండేండ్ల కింద వానలకు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపాయె. పందొమ్మిది దినాలు. ఆడి శాఖల పనిజేసే మా సాబిరా ఉండె గద, రోజు ఒక గంట ట్రాక్టర్ బ్యాటరీ మీద నడిపిచ్చి రైతుల పేర్లు ఎక్కిచ్చింది. కరెంటొచ్చినంక అన్ని వచ్చి కలిసినయ్. ఒక్కటి గూడ తప్పు వోలే."

"నాకెవరూ చెప్పలే."

"ఏం జెప్పాలె మేడమ్? మంచిగనే అయ్యె గద."

ఫోన్ పెట్టేశాక శైలజ ప్రణాళిక పత్రం తెరిచింది. చేసేవారు అన్న గడిలో తన పేరు రాసింది. తోడు చేసేవారు అన్న గడిని చాలాసేపు చూసి అలాగే వదిలేసింది. రోజులు: ఇరవై. కారణం: వడ్డేపల్లిలో ఒకసారి పందొమ్మిది రోజులు పట్టింది.

చదివేవాళ్లకు ఇదేమిటో తెలియదేమోనని ఆమెకు బెంగ పట్టుకుంది. కింద ఇంకో వాక్యం చేర్చింది. వడ్డేపల్లి ఒక ఊరు. అక్కడ ఒకావిడ ఆ పందొమ్మిది రోజులూ పేర్లు రాస్తూనే ఉంది.