ఇంజను చల్లగుండాలె

ఉప్పుగూడలో పెంటయ్య ఇంటి పాలవ్యాను తోలేది పెద్దకోడలు లావణ్య. పెళ్ళయిన కొత్తలో భర్త నందు కాలు విరిగి మంచాన పడితే, ఒక నెల రోజులే కదా అని ఆమె స్టీరింగు పట్టుకుంది. నందు కాలు అతుక్కుంది, అతను మళ్ళీ బర్రెల కొట్టంలో తిరగసాగాడు, కానీ లావణ్య నెల మాత్రం ఇంకా పూర్తి కాలేదు. ఎండాకాలం వచ్చిందంటే ఆ ముసలి వ్యాను ఎక్కడో ఒకచోట పొగలు కక్కుతూ ఆగిపోయేది. మెకానిక్ వచ్చేదాకా రోడ్డు పక్కన నిలబడడం, అతను విప్పుతుంటే చూడడం, కొన్నాళ్ళకు తనే విప్పడం. అట్లా ఆమెకు ఇంజను సంగతులు పట్టుబడ్డాయి. ఇంట్లో ఎవరూ దాన్నొక విద్య అనుకోలేదు. గిన్నెలు తోమడం లాగే అదీ ఒక పని.

చిన్నకోడలు వర్షిత ఆ ఇంటికి వచ్చి ఏడాది అవుతున్నది. హైటెక్ సిటీలో ఏదో కంపెనీలో ఉద్యోగం. ఆమె డ్రైవింగ్ స్కూల్లో చేరిన రోజు అత్త ఆండాలు, పాలకు వచ్చిన ప్రతి మనిషినీ ఆపి చెప్పింది.

"మా వర్షిత కారు నేర్సుకుంటున్నది, ఎరికేనా? ఆడపిల్లకు గంత ధైర్యం!"

పక్కనే కూర్చుని పాలు కొలుస్తున్నది లావణ్య. ఆరోజు అందరి చెంబుల్లో నురుగు ఎక్కువ, పాలు తక్కువ పడ్డాయి.

తర్వాత వర్షిత సొంత జీతంతో సెకండ్ హ్యాండ్ కారు కొంటానన్నది. ఆమె భర్త అంజన్ పని మీద పుణె వెళ్ళి ఉన్నాడు. ఒక ఆదివారం వర్షిత వంటింట్లోకి వచ్చి లావణ్య పక్కన పీట లాక్కుని కూర్చుంది.

"అక్కా, మలక్‌పేటల ఒక కారు చూసిన. మస్తు నచ్చింది. నువ్వొచ్చి ఇంజను చూడవా? నాకు రంగు తప్ప ఏం తెల్వది."

లావణ్య ఉల్లిగడ్డ కోస్తూనే ఉంది. కాదంటే ఏడుపుగొట్టుది అంటారు. "సరే, వస్త," అన్నది.

ఆ కారు ఎర్రగా, పెళ్ళికూతురిలా మెరుస్తున్నది. అమ్మేవాడు వైకుంఠం, కార్ల బ్రోకర్. అతను మైలేజీ గురించి చెప్పుకుపోతుంటే లావణ్య బానెట్ మీద అరచేయి ఆనించింది. వెచ్చగా తగిలింది.

"అన్నా, మేమొస్తున్నమని ముందే ఇంజను చాలు చేసినవా?"

"పెట్రోల్ పోయించుకొచ్చిన చెల్లె, ఇప్పుడే."

"అయితే చల్లారేదాంక కూసుంటం."

వైకుంఠం ముఖం కొంచెం మారింది. ఇద్దరూ ఎదురుగా ఉన్న హోటల్లో చాయ్ తాగారు. "వేడి మీద రేడియేటర్ మూత తీస్తే మొకం కాల్తది," అని లావణ్య చెప్పింది. "గందుకనే కొందరు కావాల్నని వేడి చేసి పెడ్తరు. మనం మూత తియ్యం, లోపలేముందో చూడం. ఎప్పుడైనా ఫోన్ల ముందే చెప్పాలె, మేము వచ్చేసరికి ఇంజను చల్లగుండాలె అని."

వర్షిత ఆ మాటలన్నీ చెవులు రిక్కించి విన్నది. అట్లా వినే మనిషి లావణ్యకు ఇన్నేళ్ళలో దొరకలేదు. తిరిగి వెళ్ళాక మూత తీసి చూపించింది. ఇంజనును చల్లబరిచే కూలెంట్, పచ్చగా ఉండాల్సింది, తుప్పునీళ్ళలా గోధుమరంగులో ఉంది, పైన నూనె తేలుతున్నది. ఇంజన్ ఆయిల్ మూత తిప్పి తీసింది. దాని అడుగున పాలు పోసిన చాయ్ రంగులో చిక్కటి మురికి.

"నీళ్ళు నూనెల కలిసినయి. ఇప్పుడు చాలు చెయ్, చూద్దం."

ఇంజను నడుస్తుంటే రేడియేటర్ నోట్లో ఆగకుండా బుడగలు లేచాయి. లావణ్య మూత బిగించి, కాసేపాగి వర్షిత చేయి పట్టుకుని పైన ఉన్న రబ్బరు పైపు మీద పెట్టింది.

"ఒత్తు."

"రాయి లెక్కున్నదక్కా!"

"ఇంజను ఇంకా సరిగ్గ వేడే కాలే, అప్పుడే గింత గట్టిపడ్డది. లోపల నీళ్ళు, నూనె కలవకుండ ఆపే గ్యాస్కెట్ పోయింది. ఇంజను మొత్తం విప్పాల్సిందే. నడువు పోదం."

ఆ మాట అన్నప్పుడు లావణ్య గొంతులో ఒక రకమైన తీపి ఉంది. చెల్లెలి లాంటి పిల్లను నష్టం నుంచి కాపాడిన సంతోషం కొంత. ఆ ఎర్రకారు తమ వాకిట్లోకి రాదన్న సంతోషం అంతకంటే ఎక్కువ. అది ఆమెకు తెలుసు.

ఇంటికొచ్చి, అన్నాల దగ్గర వర్షిత జరిగిందంతా అత్తకు పూసగుచ్చినట్టు చెప్పింది. "అక్క లేకుంటే మునిగిపోతుంటి అత్తమ్మా," అన్నది. ఆండాలు ముక్కున వేలేసుకుని విన్నది. చివరికి చిన్నకోడలి తల నిమిరింది.

"నా బిడ్డ తెలివిగల్లది. ఎవల్ని ఎంబడి తోల్కపోవాల్నో ఎరికగల్లది."

లావణ్య కంచంలో చేయి కడుక్కుని లేచిపోయింది.

ఆ వారమంతా ఇంట్లో కారు ముచ్చటే. ఆండాలు ముందు సీటు తనదేనని ఇప్పటినుంచే చెప్పిపెట్టుకుంది. ఆ అత్త పాలవ్యానులో ఏనాడూ కాలు పెట్టలేదు, కంపు కొడుతుందని. ఆసుపత్రికి వెళ్ళాల్సొచ్చినా ఆటో పిలిపించుకునేది. లావణ్య కళ్ళముందు ఒకటే బొమ్మ తిరిగేది: అత్త ముందు సీట్లో కూర్చుని నవ్వుతుంటుంది, వర్షిత నల్లకళ్ళద్దాలు పెట్టుకుని స్టీరింగు తిప్పుతుంటుంది, వెనకాల తను పాలవ్యానులో క్యాన్లు గలగలమనిపించుకుంటూ హారన్ కొడుతుంటుంది. ఆలోచించిన కొద్దీ కడుపులో మంట లేచేది.

రెండో కారు మొఘల్‌పురాలో ఉంది. సత్తార్ సాబ్ అని, రిటైరైన ఉర్దూ పంతులుది. కంటిచూపు తగ్గి నడపలేక అమ్ముతున్నాడు. వర్షిత ముందే ఫోన్‌లో ఇంజను చల్లగా ఉంచమని చెప్పిందట. ఆయన ఇరుకు గల్లీలో, తన అరుగు పక్కనే, తెల్లకారు మీద కప్పిన గుడ్డ తీసి నిలబడ్డాడు. పక్కింటివాళ్ళు తమ అరుగు మీద కూర్చుని చూస్తున్నారు.

"ఆవ్ బేటీ, ఆవ్. సుబూ సే హాత్ బీ నై లగాయా."

పొద్దున్నుంచి చేయి కూడా వేయలేదన్న మాట నిజమే. బానెట్ నీడపట్టున ఉన్న బండలా చల్లగా ఉంది. లావణ్య మూత తీసింది. కూలెంట్ పచ్చగా, శుభ్రంగా, అంచుదాకా ఉంది. ఆయిల్ మూత అడుగున మురికి లేదు. పైపుల అతుకుల దగ్గర, కారి ఎండిపోయిన చారలేమైనా ఉన్నాయా అని సెల్‌ఫోన్ లైటు వేసి వెతికింది. లేవు. మూతలు బిగించి, ఇంజను నడిపించి చాలాసేపు నిలబడ్డారు. వేడి చూపే సూది మధ్యకు వచ్చి అక్కడే ఆగింది. ఫ్యాను తిరిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది. హీటర్ పెడితే వేడిగాలి వచ్చింది. పొగగొట్టం వెనక తెల్లపొగ లేదు.

సత్తార్ సాబ్ ఇంట్లోంచి రెండు గ్లాసుల్లో షర్బత్ తెప్పించాడు. లావణ్య గ్లాసు ముట్టుకోలేదు. మళ్ళీ వంగింది, మళ్ళీ వెతికింది. ఇంతకంటే మంచి బండి ఈ ధరకు దొరకదని ఆమెకు అర్థమైపోయింది. ఆ అర్థమైన క్షణంలోనే చేయి పైపు మీదికి పోయింది, నోరు దానంతటదే తెరుచుకుంది.

"పైపు గట్టిగున్నది. గిదీ గంతే. గ్యాస్కెట్ పోయేటట్టున్నది. వద్దు."

సత్తార్ సాబ్ ముఖం పాలిపోయింది. "క్యా బోల్‌రై బేటీ? పది మంది మెకానిక్‌లకు చూపించుకో. ఒక్కసారి గూడ గరం కాలే ఈ గాడీ."

వర్షిత ముందుకు వచ్చి తనే పైపు మీద చేయి పెట్టింది. ఒత్తింది, వదిలింది, మళ్ళీ ఒత్తింది.

"అక్కా, మొన్న రాయి లెక్కుండె. గిది ఒత్తితే లోపలికి పోతున్నది."

"ఒక్క కారు చూసి మెకానిక్‌వి అయినవా? నాకు తెల్వదా?"

"నువ్వు నేర్పిందే చెప్తున్న," అన్నది వర్షిత మెల్లగా. పెద్దాయనకు మళ్ళీ ఫోన్ చేస్తానని చెప్పి, గల్లీ మలుపు దాకా గబగబా నడిచింది. అక్కడ ఆగి తిరిగింది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"నేను కారు కొనుడు నీకు ఇష్టం లేదు. గంతేనా?"

లావణ్య కాదనబోయింది. గొంతులోంచి ఇంకేదో వచ్చింది. "ఇన్నేండ్ల సంది తోలుతున్న నేను. వానల, ఎండల, కడుపుతోని గూడ తోలిన. ఒక్కనాడన్న అత్తమ్మ నా గురించి ఒక్క మాట అన్నదా? నువ్వు స్కూల్ల పేరు రాయించుకున్నవో లేదో, వాడంత పండుగ జేసింది. నాకు మంట ఉండదా? ఉన్నది. మస్తున్నది."

వర్షిత ఓదారుస్తుందని ఆమె ఎదురుచూసింది కాబోలు. ఆ పిల్ల ఓదార్చలేదు.

"నా మీద మంటుంటే నన్ను తిట్టాలె. ఆ ముసలాయన ఏం జేసిండక్కా? ఆయన బండి మంచిది. దాని మీద లేని రోగం పెట్టినవ్. పక్కింటోళ్ళు గూడ విన్నరు. రేపు ఎవరు కొంటరు?"

లావణ్య వెనక్కి చూసింది. సత్తార్ సాబ్ ఇంకా అక్కడే ఉన్నాడు. బానెట్ మూయలేదు. వంగి, చూపు ఆనని కళ్ళను చికిలించి, ఆ పైపునే తడుముతున్నాడు.

నలుగురూ తిరిగే ఆ గల్లీలో వెనక్కి నడవడం ఆమెకు చాలా కష్టమైంది. ఆయన ముందు నిలబడి, అరుగు మీది పక్కింటివాళ్ళు కూడా వినేటట్టు చెప్పింది.

"సాబ్, నేను తప్పు చెప్పిన. పైపు మంచిగున్నది. గాడీ మంచిది. మాకే కావాలె."

ఆయన బానెట్ మూశాడు. కాసేపు ఆమె ముఖంలోకి చూసి, "షర్బత్ పీవ్ బేటీ, గరం హో గయా," అన్నాడు. లావణ్య ఆ గ్లాసు ఎత్తి, వెచ్చబడిన షర్బత్‌ను గుక్క తిప్పుకోకుండా తాగింది.

కారు వచ్చిన మంగళవారం లాల్‌దర్వాజ అమ్మవారి దగ్గర పూజ చేయించారు. వెళ్ళేటప్పుడు వర్షిత నడిపింది, ఆండాలు ముందు కూర్చుంది. అంతా లావణ్య ఊహించుకున్నట్టే జరిగింది, మంట కూడా అట్లాగే లేచింది. అంతా చెప్పేసినా అది ఎక్కడికీ పోలేదు. పూజ అయ్యాక ఆమె వర్షిత ముందు చేయి చాపింది.

"చావి ఇటియ్యి. నేను తోలుత."

వర్షిత వేళ్ళు తాళంచెవి చుట్టూ బిగుసుకున్నాయి. కొత్తకారు, ఇంకొకరి చేతికా? ఆ చూపు లావణ్యకు బాగా తెలిసిన చూపే. చిన్నగా నవ్వొచ్చింది. కాసేపటికి వర్షిత తాళంచెవి ఇచ్చి వెనక్కి వెళ్ళి కూర్చుంది.

"మెల్లగ తోలు, నీ పాలవ్యాను కాదిది," అన్నది ఆండాలు, తలుపు పిడి గట్టిగా పట్టుకుని. ఆటోలు, తోపుడు బండ్లు, అడ్డం వచ్చే స్కూటర్లు. వాటి మధ్యలోంచి కారు వెన్నలో వేలు దిగినట్టు పోయింది. కొంతదూరం పోయాక ఆండాలు పిడి వదిలేసి, ఒళ్ళోని కొబ్బరి ముక్క కొరకడం మొదలుపెట్టింది.

ఉప్పుగూడ రైల్వే గేటు వేసి ఉంది. పక్కన ఆగిన ఆటోలోంచి పాలకు వచ్చే కోటేశ్వరమ్మ తొంగి చూసింది. "కొత్తకారా ఆండాలమ్మగారూ? ఎవరిదండీ?"

"మా చిన్నకోడలిదమ్మా," అన్నది ఆండాలు మురిసిపోతూ.

లావణ్య అత్త వైపు అద్దం పూర్తిగా దించి, ఆమె మీదుగా వంగింది.

"కారు వర్షితది. ఇంజను చూసి ఏరింది నేను."

వెనక సీట్లో వర్షిత దగ్గింది. లావణ్య చెవులు వేడెక్కాయి, కానీ మాట వెనక్కి తీసుకోలేదు. ఆండాలు కొబ్బరి నమలడం ఆపి, పెద్దకోడలి వైపు మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. రైలు వెళ్ళిపోయింది. గేటు లేస్తుంటే లావణ్య గేరు వేసింది.