తిరుపతిరావు బీపీ బిళ్ళ

తిరుపతిరావుకు బీపీ లేదు. ఆ సంగతి ఆయనకూ, భార్య సింధూరికీ, మందు రాసిన మానసిక వైద్యుడికీ తప్ప ఎవరికీ తెలియదు. బెజవాడలో పేరున్న కోచింగ్ కాలేజీలో జువాలజీ చెప్పే పెద్దమనిషి, బోర్డు ముందు నిలబడగానే గుండెదడతో చెమటలు కక్కుతున్నాడంటే పరువేం కావాలి? అందుకని రోజూ పొద్దున వేసుకునే మాత్రను బీపీ బిళ్ళ అని ప్రచారం చేసుకున్నాడు. మెదడులోని సెరటోనిన్ అనే రసాయనం గురించి ఏటా వందలమంది పిల్లలకు గొంతు చించుకుని చెప్పేవాడే. తనదాకా వచ్చేసరికి ఆ చదువంతా అటకెక్కింది.

మందు మాత్రం చక్కగా పనిచేసింది. దడ తగ్గింది.

ఇబ్రహీంపట్నంలో అక్క కూతురి గృహప్రవేశం. ముందురోజు పొద్దునకే చుట్టాలందరూ చేరారు. అక్క రావమ్మ సంచులన్నీ కుమ్మరించి వెతికి, తమ్ముడి దగ్గరకు వచ్చింది.

"ఒరే తిరుపతీ, నా బీపీ బిళ్ళలు ఇంట్లోనే మర్చిపోయొచ్చాను. నీదొకటియ్యరా."

మన ఇళ్ళలో ఇది మామూలే. వక్కపొడి అడిగినంత తేలిగ్గా బీపీ బిళ్ళ అడుగుతారు.

"ఇది నీకు పడదక్కా, షాపులో తెప్పిస్తానుండు."

"బిళ్ళ దగ్గర కూడా పిసినారితనమేంటయ్యా!" అని బావ బసవపున్నయ్య నవ్వాడు. "ఏదీ, పేరు చూద్దాం. మీ అక్కదీ అదేనేమో" అంటూ చెయ్యి చాచాడు.

పేరు చూస్తే ఇంకేమైనా ఉందా? తిరుపతిరావు అట్టను జేబులోనే ఉంచి, ఒక మాత్ర నొక్కి తీసి అక్క చేతిలో పెట్టాడు. ఒకప్పుడైతే ఇంత అబద్ధానికి గుండె గొంతులోకొచ్చేది. ఇప్పుడది తాపీగా కొట్టుకుంది. మర్నాడు పొద్దున ఆవిడ మళ్ళీ అడిగింది. మళ్ళీ ఇచ్చాడు.

వ్రతం మధ్యలో రావమ్మ తల పట్టుకుని గోడకు చేరగిలబడింది. దగ్గర్లోని నర్సింగ్ హోముకు తీసుకెళితే, డ్యూటీ డాక్టరు లేచి నిలబడింది. తిరుపతిరావు దగ్గర చదువుకున్న ఆఫ్రీన్.

"సార్, మీరా!"

రావమ్మ చేతికి బీపీ పట్టీ చుట్టి చూసింది. మొహంలో నవ్వు పోయింది.

"నూటతొంభై దాటింది. పొద్దున టాబ్లెట్ వేసుకున్నారా?"

"రెండ్రోజులూ మా బామ్మర్దే ఇచ్చాడమ్మా" అన్నాడు బసవపున్నయ్య.

"వేసుకున్నా ఇంతుందంటే ఆ మందు పనిచేయట్లేదండీ. డోసు పెంచి, ఇంకోటి కలపాలి" అంటూ కలం తీసింది.

తిరుపతిరావు అక్కవైపు చూశాడు. కళ్ళు మూసుకుని మూలుగుతోంది. ఇంకా నోరు విప్పకపోతే తను మనిషే కాదు.

"రాయొద్దమ్మా. నేనిచ్చింది బీపీ మందు కాదు" అని అట్ట బల్లమీద పెట్టాడు.

ఆఫ్రీన్ పేరు చదివింది. బావ తెల్లమొహం వేస్తే ఆయనకే చెప్పింది. "మెదడులో సెరటోనిన్‌ను అందుకునే గ్రాహకాలుంటాయండీ. భయమేస్తే గుండె ఎంత జోరుగా కొట్టుకోవాలో, రక్తపోటు ఎంత పెరగాలో తేల్చడంలో వాటికీ పాత్ర ఉంది. ఈ మందు కొన్ని వారాలు వాడితే ఆందోళన తగ్గి, దడ కూడా తగ్గుతుంది. అమ్మగారి బీపీకి ఇది మందు కాదు. ఇదంతా సారే మాకు చెప్పారు."

ఆ చివరి మాటకు తిరుపతిరావు తల వాలిపోయింది. గుండె ఇప్పటికీ పెద్దగా అదరలేదు. ఒళ్ళు మాత్రం సిగ్గుతో కాలిపోతోంది. దడ రాలేదు కదా అని అక్క ప్రాణంతో ఆడుకున్నాడు.

సాయంత్రానికి బీపీ దిగింది. మంచం పక్కన కూర్చుని, "తిట్టక్కా" అన్నాడు.

రావమ్మ తమ్ముడివైపు తిరిగింది.

"నీకు బీపీ అన్నావని ఈ ఏడు నీ జాడీలో ఉప్పు తగ్గించి ఆవకాయ పెట్టానురా. బూజు పట్టింది. పారేసి మళ్ళీ పెట్టాను. అదీ పట్టింది. తమ్ముడికింత పచ్చడి పెట్టలేకపోయానే అని ఏడ్చాను. దడగా ఉందక్కా అని నాతో ఒక్క మాట చెప్పలేకపోయావా?"

తిరుపతిరావు మంచం పట్టెకు తల ఆనించి, పక్క మంచాలవాళ్ళు చూస్తున్నా సరే, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.