గడువు తీరిన శిక్ష

"నోరు తెరువు," అంది గ్లెండా, బేకరీ గుమ్మం బయట.

ఆమె భర్త ట్రెవర్ తెరిచాడు. చలికాలంలో ఇంట్లో వండుకునే నల్ల టాఫీ పెద్ద ముక్క ఒకటి అతని నోట్లో పెట్టింది.

"ఇది కరిగేదాకా నువ్వు మాట్లాడలేవు. నీ మంచికే, మహానుభావా."

పాఠకులకు ఇది వేళాకోళంగా తోచవచ్చు. గ్లెండాకు వేరే దారి లేదు. పన్నెండేళ్ల క్రితం ఇంగ్లండులోని హాలిఫాక్స్‌లో, పబ్బు బయట, తాగిన మత్తులో ట్రెవర్ ఒకతని ముక్కు పగలగొట్టాడు. కోర్టు ఆరు నెలల జైలు వేసి, బుద్ధిగా ఉంటే వెళ్లనక్కర్లేదని ఆ శిక్షను నిలిపి ఉంచింది. అతను బుద్ధిగానే ఉన్నాడు. పాత శిక్ష లెక్కలోకి రావడానికి చట్టం పెట్టిన గడువూ తీరింది. ఇక ఇలాంటి పనికి వెళ్లినప్పుడు ఆ సంగతి చెప్పనక్కర్లేదు. అయినా ట్రెవర్ పని అడగబోయిన చోటల్లా, కుర్చీలో కూర్చోకముందే, "నేను శిక్ష పడ్డవాణ్ణండీ" అనేవాడు. వాళ్లు మర్యాదగా టీ ఇచ్చి పంపేసేవారు. అతను పనిచేసిన తివాచీల మిల్లు మూతపడ్డాక మిగిలిన ఆశ ఈ బేకరీ ఒక్కటే. దాని యజమానురాలు మిసెస్ ఆక్రాయిడ్ చూస్తే, జీతం లేకుండా ఊరి కోర్టులో మేజిస్ట్రేటుగా కూర్చునే మనిషి.

ఆమె ప్రశ్నలేమీ వేయకుండా పిండిముద్ద ముందుకు తోసింది. ట్రెవర్ దవడ కదలలేదు గాని చేతులు చకచకా కదిలాయి. గ్లెండా బన్నులు ఎంచుతున్నట్టు నటిస్తూ చూసింది.

"సోమవారం తెల్లారి నాలుక్కి రండి," అంది మిసెస్ ఆక్రాయిడ్.

అప్పుడే టాఫీ కరిగింది.

"అమ్మా, ముందే చెప్పాలి. నేను శిక్ష పడ్డవాణ్ణి..."

గ్లెండా కళ్లు మూసుకుంది.

మిసెస్ ఆక్రాయిడ్ అంతా విని చేతుల పిండి దులుపుకుంది. "మిమ్మల్నెవరడిగారు?"

"ఎవరూ అడగలేదండీ. దాస్తే మోసం కదా అని."

"శిక్షకు హద్దుండాలనే చట్టం గడువు పెట్టింది. దాన్ని ఇన్నేళ్లు పొడిగించింది మీరే. ఆ అధికారం నాకే లేదు, మీకెవరిచ్చారు?"

ట్రెవర్ టోపీ నలుపుకున్నాడు. "మరి సోమవారం..."

"నాలుక్కే. ఆలస్యమైతే మాత్రం ఊరుకోను. గ్లెండా, గుమ్మం బయట మీరు పెట్టిన టాఫీ చూశాను, ఇంకో ముక్క ఉంటే ఇలా ఇవ్వండి."

ఇంటికొచ్చి ట్రెవర్ కోటు మేకుకు తగిలించాడు. బీరు వాసన వస్తోందేమోనని పన్నెండేళ్లుగా అతని కోటును రోజూ మూచూసే గ్లెండా అలవాటుగా దగ్గరికి వెళ్లి, మధ్యలో ఆగింది. కోటు జోలికి పోకుండా టీకి నీళ్లు పెట్టింది.

కోర్టు వేసిన శిక్షకు చట్టమే ముగింపు పెడుతుంది. ఇంట్లో వేసిన శిక్షకు మాత్రం ఇంట్లోవాళ్లే పెట్టాలి.