మూడు ముక్కల నవల

"ఆమె నీకేమైతాదని పోతావు?" అన్నాడు రామాంజి, జొన్నరొట్టె తుంచుతూ.

గౌరి పెనం మీద రొట్టె తిప్పింది. పొద్దున రాచర్ల నుంచి రేచల్ భర్త తిమోతి ఫోన్ చేశాడు. రేచల్ పోయి ఏడాది అవుతోంది, ఆదివారం జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం, తప్పకుండా రావాలమ్మా అన్నాడు. ఆ మాటే భర్తకు చెప్పింది. రామాంజి దృష్టిలో ఏడవాలంటే చుట్టరికం ఉండాలి. రేచల్‌ది వేరే కులం, వేరే మతం. ఎప్పుడో ఆసుపత్రిలో కాన్పుకు పోయినప్పుడు పక్క మంచం మనిషి. "ఆదివారం మా అక్కోళ్లు వస్తాండారు. వంటెవరు చేయాల?" అని చెయ్యి కడుక్కున్నాడు.

రేచల్ పోయిన రోజూ ఇంతే. పరాయోళ్ల కోసం దీపాలు పెట్టే వేళ కన్నీళ్లేందని అత్త కసిరింది. అప్పటినుంచి గౌరి మిక్సీ తిరుగుతున్నంతసేపే ఏడ్చేది. ఆ చప్పుడులో ఏమీ వినపడదు. ఆ ఏడాది ఆ ఇంట్లో పచ్చళ్లన్నీ వెన్నలా నలిగాయి. బాగున్నాయనే అన్నారు అందరూ.

శనివారం మధ్యాహ్నం ఆమె మార్కాపురం బజారులో కరుణమ్మ కుట్టు దుకాణానికి వెళ్లింది. కరుణమ్మ, స్కూల్లో తెలుగు చెప్పే సుమతి, గౌరి కలిసి పుస్తకాలు చదువుకుంటారు. ఈసారి సుమతి తెచ్చింది లావుపాటి నవల. మొగుడు పోయిన ఒకామె దుఃఖం గురించి. ఉన్నది ఒకటే ప్రతి. ఎవరు ముందు చదవాలన్న తగువు తెగక, కరుణమ్మ బట్టలు కోసే కత్తెరతో పుస్తకాన్ని మూడు ముక్కలు చేసి తలా ఒకటి ఇచ్చింది. చదివాక మార్చుకోవాలని ఒప్పందం. మార్చుకునే దాకా ఆగలేక ఈరోజే మాట్లాడుకోవడానికి కూర్చున్నారు.

"నాకు నచ్చలేదమ్మా," అంది మొదటి ముక్క చదివిన కరుణమ్మ. "ఎంతసేపూ ఆయన చెప్పులు చూసుకుంటా కూర్చుంటది. తల దువ్వుకోదు. లేసి అన్నం తినవే తల్లీ అని అరవబుద్ధి అయింది నాకు."

"చెప్పులా?" సుమతి ఆశ్చర్యపోయింది. మధ్య ముక్క ఆమెది. "నా దాంట్లో ఆ చెప్పులు వీధిలోకి ఇసిరేసింది! సచ్చినోణ్ణి పట్టుకుని తిట్లే తిట్లు. పేజీలకు పేజీలు ఫుల్‌స్టాపే లేదు. నా పిల్లోళ్లు ఇట్ల రాస్తే సున్నా ఏస్తా."

ఇద్దరూ గౌరి వైపు తిరిగారు. ఆమెది చివరి ముక్క.

"ఉండండి," అంది గౌరి. "ఆమె మొగుడు సచ్చిపోయినాడా?"

"ఏందమ్మీ నువ్వు? కథంతా అదే గదా!"

"నేను ఊరికి పోయినాడనుకున్నా! నా దాంట్లో ఆమె సైకిల్ నేర్చుకుంటాంది. చెరుకురసం తాగుతా ఆయన గురక గురించి చెప్పి పకపకా నవ్వుతాది. ఎంత బాగా కాపరం చేసిందో అనుకుంటి!"

కరుణమ్మ నవ్వాపుకోలేక మిషను మీదికి వాలిపోయింది. సుమతి కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఆ నవ్వు మధ్యలోనే గౌరి నోట్లోంచి, ఏడాదిగా ఇంటి బయట ఎవరి ముందూ పలకని పేరు వచ్చింది.

"మా రేచలూ అంతే. నేనూ ఆమె ఒకసారి త్రిపురాంతకం పోవాలని మాటల్లో పడి పుల్లలచెరువు బస్సెక్కినాం. అడవి కనపడిందాకా సూసుకోలేదు. కండక్టరు తిడతాంటే అది దోసకాయ కోసి ఆయనకే ఒక ముక్క ఇచ్చింది. తిట్టేటోడు తింటా కూర్చున్నాడు! ఇంటికొస్తే మా ఆయన వారం రోజులు మాట్లాడలా. ఎంత సుఖంగా ఉన్నిందో ఆ వారం!"

నవ్వీ నవ్వీ ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. మిక్సీ లేదు ఇక్కడ. అయినా కన్నీళ్లు ధారగా దిగాయి, నవ్వూ ఆగలేదు. చివరి ముక్కలోని ఆ మనిషి ఎందుకంత సంతోషంగా నవ్వగలిగిందో గౌరికి అప్పుడు తట్టింది. ఆమెను ఆ చెప్పుల దగ్గర్నుంచి ఎవరూ లేపేయలేదు. కూర్చోవలసినంతసేపు కూర్చుంది. తనకు మాత్రం నవ్వు ముందు దొరికింది, కూర్చోవడం బాకీ ఉండిపోయింది.

"ఎప్పుడు పోయింది ఆయమ్మ?" మెల్లగా అడిగింది కరుణమ్మ.

"పోయినేడు. రేపు కూడిక."

కరుణమ్మ మొదటి ముక్క తీసి గౌరి ఒళ్లో పెట్టింది. "ఏడుపంతా దీంట్లోనే ఉండాది. తీసుకపో."

ఆదివారం పొద్దున్నే గౌరి వంకాయరంగు చీర కట్టుకుంది. రేచల్ కొనిపించిన చీర. సంచిలో నవల ముక్క, ఒక దోసకాయ.

"యాడికి?" అన్నాడు రామాంజి. "అక్కోళ్లు బయలుదేరినారంట."

"పిండి డబ్బాలో ఉంది. కూరగాయలు బుట్టలో ఉండాయి. ఇంట్లో మనిషి పోయి ఏడాదయింది, పోవాల."

"మన ఇంట్లో ఎవరే పోయింది?"

"మన ఇంట్లో కాదు," అంది గౌరి, చెప్పులు వేసుకుంటూ. "నా ఇంట్లో."

బస్టాండులో రాచర్ల వైపు పోయే గిద్దలూరు బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఆమె బోర్డు ఒకసారి చదివింది. ఎందుకైనా మంచిదని మళ్లీ చదివి, పక్కన ఎవరో ఉన్నట్టు నవ్వుకుంటూ ఎక్కింది.