కొళాయి ముందు వరస

గుండ్రటి బ్రాకెట్టులో పెట్టింది మారదట, చదరపు బ్రాకెట్టులో పెట్టింది మారుతుందట, ఈ మాత్రం దానికి ఇన్నాళ్ళా అనుకుంటూ మారిసెల్వి కొబ్బరి పీచుతో బిందె మెడ చుట్టూ పట్టిన పాచిని ఇంకాస్త గట్టిగా రుద్దింది, చెయ్యి బిందె మీద ఉంది గాని కళ్ళు ఉతికే రాతికి ఆనించిన ఫోను మీదే ఉన్నాయి, పగిలిన అద్దం కింద అవే ఎర్ర అక్షరాలు, టపుల్‌లో ఉన్నదాన్ని మార్చడానికి వీల్లేదని ఇంగ్లీషులో, టపులంటే ఆ గుండ్రటి బ్రాకెట్టే, నిన్న బస్సులో అదే, పొద్దున లేచాక అదే, మనిషైతే ఎదురు తిట్టేది, దీన్ని తిట్టి ఏం లాభం, ఇవాళ విరుదునగరులో పరీక్ష, ఎవరికి తెలిసిన సంగతి మీద వాళ్ళు కంప్యూటరుకు పైథాన్ భాషలో ఒక ప్రోగ్రాము రాసి తేవాలి, అందులో చదరపు బ్రాకెట్టు లిస్టూ ఉండాలి, టపులూ ఉండాలి, అది నడిస్తేనే తరువాతి తరగతి, లేకపోతే అమ్మతోపాటు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ వ్యాను, పోయిన పరీక్షకు పోలేదు, ఆవేళా ఇలాగే కొళాయికి నీళ్ళొచ్చే రోజయింది, ఈసారీ రాకపోతే నీ చోటు తిరుచ్చులి అమ్మాయికి ఇచ్చెయ్యాల్సి వస్తుందమ్మా అన్నాడు కంప్యూటరు నేర్పే సెల్వకుమార్ సారు, కోప్పడి ఉన్నా బాగుండేది, మెల్లగా అన్నాడు.

తనకు తెలిసిన సంగతంటే ఏముంది, కోవిల్‌పట్టి పక్కన ఈ వీధి, వీధి చివర కొళాయి, వారానికోసారి నీళ్ళు, కొళాయి ముందు బిందెల వరస, ఏ ఇల్లు ముందు కట్టారో ఆ ఇంటి బిందె ముందు, తాతల నాటి ఆ వరసను పెళ్ళిళ్ళొచ్చినా పోట్లాటలొచ్చినా ఎవరూ కదిలించరు, చెల్లయ్య తాత పోయి ఆ ఇంటికి తాళం పడినా ఆయన చోట నల్లరాయి పెట్టారు, వంతు రాగానే ఆయన బిందెడు నీళ్ళు మేకల తొట్టిలో పోశాకే తరువాతి ఇల్లు పట్టుకోవాలి, పోయినాయనకు నీళ్ళెందుకత్తా అని ఒకసారి అడిగితే పక్కింటి జానకియమ్మాళ్ నడుం మీద చెయ్యి పెట్టి, ఈ పొద్దు ఆయన రాయి తీస్తారు, రేపు నా బిందె తీస్తారు, సదువుకుంటుండావు గదా పిల్లా, ఇది తెలీదా అంది. ఇంతకన్నా మారనిది లోకంలో ఏముంటుందని, ఇంటింటికీ నీళ్ళు పట్టే మనిషి పేరు వరసగా రాసి గుండ్రటి బ్రాకెట్టులో పెట్టేసింది, సారు చూసి, బాగుందమ్మా, మరి ఒకరోజు ఆ మనిషికి జ్వరమొస్తే, పేరు మార్చి చూపించు అన్నాడు, మార్చబోతే ఈ ఎరుపు, పోనీ అంతా లిస్టు చేద్దామంటే మనసొప్పదు, లిస్టయితే ఎవరైనా వచ్చి రిమూవ్ అని ఒక్క మాట కొట్టి చెల్లయ్య తాతను తీసెయ్యొచ్చు, అది కిక్కురుమనదు కూడా.

ఏమ్మే సెల్వీ, బిందెలు కొండుపోయి పెట్టితివా, పొయ్యి దగ్గరనుంచి అమ్మ, లేదమ్మా, నాకీ పొద్దు పరిట్చ ఉండాదని నిన్ననే చెప్పితి గదా, నీళ్ళొచ్చేనాడు పరిట్చ ఏందే, నీ సారింట్లో నీళ్ళు తాగరా, అన్న సుమ్మానే పడుకోనుండాడు గదమ్మా, వాణ్ణి పొమ్మను, వాడు మొగపిల్లోడే, ఆడోళ్ళ మద్దెలో పోయి నిలబడతాడా, మంచం మీద అన్న ముత్తురాజ్ ఫోను లోంచి తల ఎత్తకుండానే, నీ కంప్యూటర్ను పట్టమను నీళ్ళు అని తన మాటకు తనే నవ్వాడు, లారీకి అగ్గిపెట్టెల కట్టలు ఎత్తే చేతులు అవి, బిందె దగ్గరికొచ్చేసరికి మొగపిల్లోడి చేతులవుతాయి, నీళ్ళంటే సెల్వి, పాచి అంటే సెల్వి, ఏ బ్రాకెట్టులో పెట్టారు తనను, ఎప్పుడు పెట్టారు, ఎవర్నడిగి పెట్టారు.

కడిగిన బిందె బోర్లించడానికి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి వీధిలో అప్పుడే వరస కట్టారు, చెల్లయ్య తాత రాయి దాని చోట ఉంది, జానకియమ్మాళ్ బిందె దాని చోట ఉంది, బిందె వెనక మాత్రం జానకియమ్మాళ్ లేదు, తలకు తుండు చుట్టుకుని ఆమె పెనిమిటి వెంకటసామి మామ నిలబడ్డాడు, ఏం మామా, అత్తకు మోకాలు నొప్పా అని ఎవరో అడిగారు, నొప్పి మోకాలికే, నోటికి లేదు అన్నాడాయన, నవ్వారు, అంతే, ఎవరూ బిందె వెనక్కి నెట్టలేదు, వరస వరసగానే ఉంది, సెల్వి చేతిలో బిందె అలాగే ఉండిపోయింది, ఇంటి చోటు వేరు, ఆ చోట నిలబడే మనిషి వేరు, రెండింటినీ ఒకటే అనుకుని ఇన్నాళ్ళూ తల బాదుకుంది, తడి చెయ్యి పావడాకు తుడుచుకుని ఫోను అందుకుంది, బయట గుండ్రటి బ్రాకెట్టు అలాగే ఉంచి లోపల ఒక్కో ఇంటినీ ఒక్కో చదరపు బ్రాకెట్టులో, ఒక్కో లిస్టుగా పెట్టింది, ఇళ్ళ వరస కదలదు, ఇంట్లో పేరు మారొచ్చు, తమ ఇంటి దగ్గర మారిసెల్వి తీసి ముత్తురాజ్ అని కొట్టి నడిపింది, ఎరుపు రాలేదు, మళ్ళీ నడిపింది, రాలేదు, ఇళ్ళన్నీ వాటి చోట్లలోనే ఉన్నాయి, చెల్లయ్య తాత కూడా, తమ ఇంటి దగ్గర మారిసెల్వి అన్న ఆ పాత పేరు వేరెవరో పెట్టింది కాదు, ఎవరూ చెప్పకుండానే తనే టైపు చేసింది.

బిందెలు తెచ్చి మంచం పక్కన వరసగా పెట్టింది, బిందె కింద తలమీద పెట్టుకునే చుమ్మాడు గుడ్డ మడిచి అన్న గుండెల మీద పెట్టింది, ఏంది ఇది అని ముత్తురాజ్ లేచి కూర్చున్నాడు, ఏమ్మే, ఎక్కడికే అని అమ్మ గరిటెతో సహా వచ్చింది, సెల్వి సంచీ భుజానికి తగిలించుకుంది, చెప్పులు తొడుక్కుంది, విరుదునగరు బస్సుకని గడప దాటింది.